ఊరి చేతులతో ఊరి పండుగ

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, రహదారులు, వీధిదీపములు, మురుగు కాలువలు మొదలైన పెద్ద విషయములను గూర్చి నిన్నటి నుండి మీరు వినుచున్నారు. ఈ పూట మేము చెప్పదలచినది చూపునకు చిన్న విషయము. ఆగస్టు 15వ తేదీన గ్రామములో స్వాతంత్ర్య దినోత్సవమును జరుపుకొనునపుడు తోరణములెట్లు కట్టవలెను, పిల్లలకేమి పెట్టవలెను అనునదే ఆ విషయము. ఇందులో చెప్పుటకేమున్నది, బజారునకు పోయి తెచ్చుకొనుటయే గదా అని మీలో కొందరనుకొనవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే అనుకొంటిమి. దానివలన మాకు కలిగిన సిగ్గును, అందుండి నేర్చుకొన్న పాఠమును మీ ముందుంచుటకే ఈ నాలుగు మాటలు.

కొని తెచ్చిన పండుగ

కొన్ని సంవత్సరముల క్రిందట, ప్లాస్టిక్ నిషేధము రాక పూర్వము, మా పంచాయతి వారమందరము కూడి స్వాతంత్ర్య దినోత్సవమును ఘనముగా జరుపవలెనని తలచితిమి. పట్టణమునకు ట్రాక్టరును పంపి ప్లాస్టిక్ జెండాల తోరణములు, థర్మోకోల్‌తో కోసిన అక్షరములు, మిఠాయి పొట్లములు తెప్పించితిమి. బడి హాజరు పట్టీని చూచి పొట్లముల లెక్క వేసితిమి. అంగన్‌వాడీ పిల్లలను, బడి మానిన పిల్లలను, శివారున ఉన్న దళితవాడ నుండి తల్లుల చంకనెక్కి వచ్చు పసివారిని ఎవరును లెక్కింపలేదు.

జెండా వందనమైన తరువాత పంపిణీ మొదలయ్యెను. ముందు నిలిచినవారు ఊరి నడిమి పిల్లలు. చివరి వరుసకు వచ్చునప్పటికి బుట్ట ఖాళీ అయ్యెను. ఆ వరుసలో నిలిచినవారు ఏ వాడ పిల్లలో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక చిన్నపిల్ల చాచిన చేతిని వెనుకకు తీసికొనక మా ముఖములవైపు చూచుచు నిలిచెను. మేము తలలు త్రిప్పుకొంటిమి.

ఆ సాయంకాలము వాన కురిసెను. మరునాటి ఉదయము ప్లాస్టిక్ జెండాలు మురుగు కాలువలో పడియుండెను. మా పారిశుద్ధ్య కార్మికుడు వాటిని ఏరి మా యొద్దకు తెచ్చి, "అయ్యా, నిన్న దండం పెట్టినవి గదా, ఇవి చెత్తబండిలో వేసేదా?" అని అడిగెను. అతనికి మేము సమాధానము చెప్పలేకపోతిమి.

తరువాతి సమావేశములో ఈ మాట వచ్చినపుడు, మరి కొన్ని పొట్లములు కొనియున్న చాలియుండును గదా అని ఒక సభ్యులనిరి. ఆ మాట నిజమే గాని, లోపము లెక్కలో మాత్రమే లేదు. పండుగను కొని తెచ్చితిమి గనుక మేము ఇచ్చువారమైతిమి, ఊరివారు చేతులు చాచువారైరి. స్వాతంత్ర్యము వచ్చిన దినమున ఒకరు ఇచ్చుట, వేరొకరు చేయి చాచుట ఏమి పండుగ? 1947 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదు సంస్థానమందలి గ్రామములలో భారత పతాకమును ఎగురవేయుటకు అనుమతి లేకుండెను. అయినను పలుచోట్ల సాహసించి ఎగురవేసిరి. అచటి ప్రజలు 1948 సెప్టెంబరు వరకు వేచియుండవలసి వచ్చెను. ఎవరును పంచిపెట్టక జనులు తమంత తాము నిలబెట్టుకొన్న పండుగ ఇది. దానిని మేము పొట్లములలో కట్టి పంచజూచితిమి.

పని పంచుకొనుట

మరుసటి సంవత్సరము జూలై నెలలోనే సమావేశమై, అలంకారములను, తినుబండారములను ఊరిలోనే చేయించుటకు, ప్రతి వాడకును పనిలో భాగమిచ్చుటకు తీర్మానించితిమి. బడి హాజరు పట్టీని ప్రక్కన పెట్టి, వార్డు సభ్యులు ఇంటింటికి పోయి పిల్లలను, వృద్ధులను లెక్కించుటకు ఒప్పుకొనిరి. ఈ లెక్క రెండు సాయంకాలములలో ముగిసెను. తమ వార్డులో ఎందరు పిల్లలున్నారో అదివరకు తమకే తెలియదని కొందరు సభ్యులు ఒప్పుకొనిరి.

పని పంచుటలో ఒక జాగ్రత్త అవసరము. తాటాకు ఫలానా వారిది, వెదురు ఫలానా వారిది, ఊడ్చుట ఫలానా వారిది అని కులమును బట్టి పంచినచో పాత కట్టుబాటునే జెండా క్రింద మరల నిలబెట్టినవారమగుదుము. మా ఊరిలో తాడిచెట్టు ఎక్కగలవారు ఆకులు కోసి దింపిరి. అల్లుట మాత్రము అన్ని వాడల పిల్లలు ఒక్కచోట కూర్చుండి నేర్చిరి. ముందునాడు బడి ఆవరణమును ఊడ్చుటకు మొదట చీపురు పట్టినవారు పంచాయతీ సభ్యులు. ఆ కార్మికుడు అది చూచి నవ్వి, తానును ఒక చీపురు తీసికొనెను.

జెండా వేరు, అలంకారము వేరు

అలంకారముల మాటకు ముందు జెండా మాట చెప్పవలెను. మన పతాకమునకును తెలుగు నేలకును ఉన్న సంబంధము మీరెరుగుదురు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు గ్రామమున జన్మించిన పింగళి వెంకయ్యగారు గాంధీ మహాత్మునికి ఒక పతాకపు నమూనాను సమర్పించిరి. అటుపై మార్పులు చెంది, నడుమ 24 ఆకుల అశోక చక్రముతో కూడిన నేటి పతాకమును 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగ సభ ఆమోదించినది.

పతాకమును గూర్చి 2002 జనవరి 26 నుండి అమలులోనున్న నియమావళి కలదు. పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన ముఖ్యాంశములివి. పొడవు 3 అడుగులైనచో వెడల్పు 2 అడుగులుండవలెను. కాషాయము పైభాగమున ఉండవలెను. చిరిగినది, మాసినది ఎగురవేయరాదు. పతాకము నేలను గాని నీటిని గాని తాకరాదు. దానిపై అక్షరములు వ్రాయరాదు. ఉపన్యాసకుని బల్లపై గుడ్డగా పరచరాదు. స్తంభముపైన పూలదండ గాని మరి యే వస్తువు గాని ఉంచరాదు. అయితే ఎగురవేయుటకు ముందు పతాకపు మడతలలో పూలరేకులు ఉంచుటకు అభ్యంతరము లేదు. చురుకుగా పైకెత్తవలెను, మెల్లగా, మర్యాదతో దింపవలెను. 2021 డిసెంబరులో చేసిన సవరణ ననుసరించి చేనేత ఖద్దరుతో పాటు యంత్రముపై నేసిన వస్త్రము, పాలియెస్టరు కూడ అనుమతింపబడినవి. అయినను మీ ప్రాంతమున ఖాదీ భాండారమున్నచో అచటనే కొనుడని మా సలహా.

అన్నింటికంటె ముఖ్యమైన నియమము వేరొకటి కలదు. పతాకమును తోరణముగా గాని, పువ్వుగా మడిచి గాని, మరి యే విధముగా గాని అలంకారమునకు వాడరాదు. అనగా మేము మొదటి సంవత్సరము కట్టిన జెండాల తోరణమే తప్పు! పిల్లలు చేత పట్టుటకు కాగితపు జెండాలు వాడవచ్చును గాని, వాటిని తరువాత నేలపై పారవేయరాదు. కావున మా ఊరిలో స్తంభముపై ఎగురు పతాకమొక్కటే. తక్కిన అలంకారమంతయు ఆకులు, పూలు, కాగితము. నేలపై జెండా బొమ్మను ముగ్గుగా వేయుట కూడ మాన్పించితిమి. త్రొక్కుడు పడు చోట దాని బొమ్మ ఎందుకు? నాగలి, వరి కంకి, పలక, తామరపూవు ముగ్గులు వేసిన చాలును.

ఇంకొక మాట. పతాకమును ఎగురవేయవలసినవారు సర్పంచి. సర్పంచి స్త్రీ అయినచో త్రాడు ఆమె చేతిలోనే ఉండవలెను గాని ఆమె భర్త చేతిలో కాదు. ఈ తప్పు కూడ మా ఊరిలో ఒకప్పుడు జరిగినదే గనుక చెప్పుచున్నాము.

ఆకులతో, కాగితములతో

ఉత్తరాది దేశములలో ఆగస్టు వేసవి కావచ్చును. మనకది వానకాలము. కావున బయట కట్టునవి వానకు తట్టుకొనవలెను. ఇది మేము నష్టపడి నేర్చుకొన్నాము. రెండవ సంవత్సరము పిల్లలు రంగులద్దిన కాగితపు తోరణములను ముందునాటి సాయంకాలమే బడి ముంగిట కట్టిరి. రాత్రి వానకు రంగు కరగి, కొత్తగా సున్నము వేసిన గోడపై ఎర్రని చారలు దిగెను. అప్పటి నుండి ఆకులు బయట, కాగితములు వసారా లోపల అను నియమము పెట్టుకొంటిమి.

ప్రవేశ ద్వారమునకు కొబ్బరి మట్టను ఈనె వెంబడి నడుమకు చీల్చి, రెండు భాగములను ఇరువైపుల నుండి వంచి పైన కలిపి కట్టినచో చక్కని కమాను ఏర్పడును. గెల కోసిన తరువాత నరికివేయు అరటి బోదెలనే రెండు ప్రక్కల నిలుపుడు. మామిడాకులను తొడిమవైపు మడిచి, చీపురు పుల్ల ముక్కతో గ్రుచ్చి, పురికొసకు వరుసగా పట్టించిన తోరణము వానలో తడిసినను చెడదు. ఆకులకై కొమ్మలు విరువవలదు; ముదురాకులను మాత్రమే కోయుటకు పిల్లలకు నేర్పవలెను.

తాటాకు పిల్లలకు ప్రియమైనది. చిలుకలు, బుట్టలు అల్లుట మీ ఊరిలో ఏ అవ్వకైనను తెలిసియుండును. ఆమెను బడికి పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, పిల్లలకు నేర్పుమని కోరుడు. రెండు తాటాకు ముక్కలను అడ్డముగా చేర్చి తుమ్మముల్లు గ్రుచ్చినచో గాలిమర అగును. మా ఊరి ఊరేగింపులో ప్రతి పిల్లవాని చేతిలోను ఒక గాలిమర తిరుగుచుండెను. పెద్దవారు ముల్లును గ్రుచ్చి ఇచ్చుట మేలు.

కాగితపు పనికి పాత నోటు పుస్తకములు, వార్తాపత్రికలు చాలును. పసుపు నీటిలో ముంచినచో పచ్చని రంగు వచ్చును. ఆ నీటిలో కొద్దిగా సున్నము కలిపినచో ఎర్రబారును. పిల్లలు ఈ మార్పును చూచి ఆశ్చర్యపడుదురు గాని సున్నపు నీటిని పెద్దలే కలుపవలెను. అంటించుటకు మైదాపిండిని నీటిలో కలిపి సన్నని సెగపై ఉడికించిన జిగురు చాలును. పురుగు పట్టకుండుటకు అందులో మైలతుత్తము కలుపు అలవాటు కలదు. అది విషము. పిల్లలు పనిచేయు చోట అది వలదు.

2022 జూలై 1వ తేదీ నుండి దేశమంతటను ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, అలంకారపు థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, 100 మైక్రానుల కంటె పలుచని బ్యానరులు నిషేధింపబడినవి. ఈ నిషేధమును గ్రామములో అమలు జరుపవలసిన మనమే వాటిని కట్టినచో దుకాణదారునకు ఏమని చెప్పగలము?

ఊరి పొయ్యి మీద

తినుబండారములను గూర్చి మూడు మాటలు చాలును: పానకము, గుగ్గిళ్ళు, ఉండలు. ఇవి తెలియని ఇల్లు తెలుగు నేలపై లేదు. అయినను వందలమందికి చేయునపుడు కొలతలు, శుభ్రత తప్పరాదు.

పానకము శ్రీరామనవమి నాడు చేయునదే. 10 లీటర్ల నీటికి 2 కిలోల బెల్లము, తగినంత మిరియాల పొడి, సొంఠి, ఏలకులు చాలును. ఇది సుమారు 70 చిన్న గ్లాసులగును. వానకాలమున నీరు కలుషితమగు ప్రమాదము హెచ్చు గనుక, నీటిని తెర్లకాచి చల్లార్చి మాత్రమే వాడవలెను. బెల్లమును కరగించి పలుచని గుడ్డలో వడియగట్టినచో ఇసుక, చెరకు పీచు పోవును. సొంఠి, మిరియములు వాన చలికి హితము.

వడపప్పు నానబెట్టిన పచ్చి పప్పు గనుక ఈ కాలమున దానికి బదులు శనగ గుగ్గిళ్ళను ఎన్నుకొంటిమి. శనగలను రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున ఉప్పు వేసి ఉడికించి, ఆవాలు, ఎండు మిరపకాయలు, కరివేపాకుతో తాలింపు పెట్టి, కొబ్బరి కోరు చల్లవలెను. ఒక కిలో శనగలు ఉడికిన సుమారు రెండు కిలోలగును. 30 మంది పిల్లలకు చాలును. వేడిగా ఉండగనే పంచవలెను. ముందునాడే ఉడికించి ఉంచినచో పులియును.

ఉండలు మాత్రము రెండు దినములు ముందుగనే చేసికొనవచ్చును. ఒక కిలో వేరుశనగ గింజలకు ముప్పాతిక కిలో బెల్లము వంతున తీసికొనవలెను. గింజలను మొదట చేటలో పోసి ఏరుట ముఖ్యము. బూజు పట్టినవి, ముడుచుకొన్నవి, రంగు మారినవి పారవేయవలెను. అట్టి గింజలలో కాలేయమునకు కీడు చేయు విషము పుట్టును, వేయించినను అది పూర్తిగా పోదు. మంచి గింజలను దోరగా వేయించి పొట్టు చెరిగి, బెల్లపు పాకమును నీటిలో వేసి చూచినపుడు చేతికి ఉండ కట్టిన తరువాత దింపి గింజలు కలుపవలెను. చేతులకు నెయ్యి గాని నూనె గాని రాచుకొని, వేడి తగ్గకముందే చుట్టవలెను. ఇట్లు చేసిన ఒక కిలో గింజలకు 60 ఉండల వరకు వచ్చును. కొందరు పిల్లలకు వేరుశనగ పడదు. అట్టివారి తల్లులను ముందుగా అడిగి, వారికై మరమరాల ఉండలు వేరు పాత్రలో చేయవలెను. మరమరాలను కొన్ని సీమలలో బొరుగులందురు. జొన్న పేలాలైనను సరియే.

రంగు పులిమిన మిఠాయిలను తేవలదు. మువ్వన్నెలు నాలుకపై లేకున్న లోటేమియు లేదు. వడ్డించుటకు మోదుగ ఆకుల విస్తళ్ళు, దొప్పలు చాలును. గ్లాసులు ఎవరి ఇంటి నుండి వారు తెచ్చుకొనిరి.

ఒక పంక్తి

ఇంతవరకు చెప్పినదంతయు సులభము. కష్టమైనది ఇప్పుడు చెప్పెదము.

వంటకు ప్రతి వాడ నుండి ఇద్దరు స్త్రీలు రావలెనని మేము నిర్ణయించినపుడు, దళితవాడ నుండి వచ్చు ఇద్దరిని కూరగాయలు తరుగుటకు ఉంచి, పొయ్యి యొద్దకు రానీయకున్న బాగుండునని ఒక పెద్దమనిషి సభ్యులతో చాటుగా అనెను. ఇట్టి మాటలు సభలో ఎవరును చెప్పరు; అరుగు మీద చెప్పుదురు. మేమది విని ఊరకున్నచో ఏ గొడవయు ఉండకపోవును. కాని ముందటి సంవత్సరము చేయి చాచిన పిల్ల మాకు జ్ఞాపకము వచ్చెను. అస్పృశ్యతను రాజ్యాంగము 17వ అధికరణముతో రద్దు చేసినది. పంచాయతి ఆ రాజ్యాంగము వలననే నిలిచిన సంస్థ. మా సర్పంచి గారు ఆ పెద్దమనిషి ఇంటికి స్వయముగా పోయి, "పెదనాన్నా, పొయ్యి దగ్గర అందరూ ఉంటారు. మీరు వచ్చి ముందు వరుసలో కూర్చుంటే మాకు సంతోషం. రాకపోయినా పొయ్యి మారదు" అని చెప్పిరి.

ఆ దినమున ఆయన రాలేదు. ఆయనతో పాటు మరి ఇద్దరు పెద్దలును రాలేదు. వారి మనుమలు వచ్చిరి. అందరితో కలిసి పంక్తిలో కూర్చుండి, రెండవమారు గుగ్గిళ్ళు అడిగి తినిరి. మేము గెలిచితిమని చెప్పుట లేదు. ఒక పూట గుగ్గిళ్ళతో ఊరు మారదు. కాని ఆ పిల్లలు పెద్దవారైనపుడు, ఈ పంక్తిలో తాము కూర్చున్నామని వారికి జ్ఞాపకముండును.

వడ్డన శివారు వాడ పిల్లల నుండి మొదలుపెట్టితిమి. పిల్లలందరు తినిన తరువాత వృద్ధులు, వారి తరువాత వంటవారు, చివరకు పంచాయతీ సభ్యులు తినిరి. మా వంతు వచ్చునప్పటికి గుగ్గిళ్ళు అడుగంటినవి. మరి రెండు కిలోలు నానబెట్టవలసినదని వంటవారు మమ్ము కసరిరి. ఆ కసరు మాకు సంతోషమే కలిగించినది.

పండుగ ముగిసిన తరువాత

ఉత్సవము ముగిసినదని ఇంటికి పోరాదు. కాగితపు జెండాలు తెచ్చిన పిల్లల యొద్ద వాటిని ఒక పెట్టెలో తిరిగి తీసికొని బడిలో భద్రపరచవలెను. వాడుకకు పనికిరాకుండ చిరిగిన పతాకమును చెత్తలో వేయరాదు. నలుగురి కంటబడకుండ, మర్యాదతో, పూర్తిగా దహనము చేయుట తగిన పద్ధతి. ఆకులు, విస్తళ్ళు, అరటి బోదెలు ఎరువు గుంటలోనికి పోవును. మిగిలిన ఖర్చు ఎంత స్వల్పమైనను ఆ లెక్కను పంచాయతి కార్యాలయపు బోర్డుపై వ్రాయించుడు. బెల్లము ఎవరిచ్చిరి, శనగలు ఎవరిచ్చిరి, కట్టెలు ఎవరిచ్చిరి అను పేర్లతో పాటు, వంట చేసినవారి పేర్లు, తోరణములు కట్టినవారి పేర్లు కూడ అదే వరుసలో ఉండవలెను. ధనమిచ్చినవారి పేరు పైన, శ్రమ ఇచ్చినవారి పేరు క్రింద వ్రాయవలదు.

మరునాటి ఉదయము మేము మురుగు కాలువ వెంబడి నడచితిమి. అందులో వాడిన మామిడాకులు కొన్ని కనబడెను గాని, జెండా ఒక్కటియు కనబడలేదు. కార్మికుడు వాటిని తట్టలోనికెత్తి, ఏమియు అడుగక ఎరువు గుంటవైపు పోయెను.

సోదరీ సోదరులారా, మీ మీ గ్రామములకు పోయిన తరువాత జూలై సమావేశములో ఈ విషయమును కార్యక్రమ పట్టికలో చేర్చుడు. ముందుగా తోరణముల మాట ఎత్తవలదు. ముందు పిల్లలను లెక్కింపుడు. చివరి వాడలో చివరి ఇంటి నుండి లెక్క మొదలుపెట్టుడు. ఆ లెక్క సరియైనచో తక్కిన పండుగ దానంతట అదే కుదురును.

 జై హింద్.